వెదురులొద్దిలో దెయ్యాల కొరత

పర్యాటక ప్రోత్సాహక మండలిలో ప్రణాళికాధికారిగా సుభద్ర నడిపించిన యాత్రల్లో ఒక్కటీ దారి తప్పలేదు. యాత్రికులకి దర్శనం ముందా, టిఫిను ముందా, మరుగుదొడ్డి ముందా అన్న సంగతి ఆవిడకి తెలిసినట్టుగా ఆ భవనంలో ఇంకెవరికీ తెలియదు. అందుకే మండలి చైర్మన్ గారు విదేశాలు తిరిగొచ్చి, అక్కడి జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ అడవుల్లో దెయ్యాల్ని వెతుక్కుంటున్నారనీ, మన రాష్ట్రంలో అలాంటి సౌకర్యం లేకపోవడం సిగ్గుచేటనీ ప్రకటించినప్పుడు, ఆ ఫైలు ఎక్కడా ఆగకుండా వచ్చి సుభద్ర బల్ల మీద పడింది.

మర్నాడే సమావేశం పెట్టారు. మేనేజింగ్ డైరెక్టరు పురుషోత్తమరాజు గారు లేచి నిలబడి, కోటు సవరించుకున్నారు. ఆయన కూర్చుని మామూలుగానే మాట్లాడతారు. నిలబడితే మాత్రం నోట్లోంచి ఉత్తర్వులు వస్తాయి.

"మన రాష్ట్రానికి నదులున్నాయి, కొండలున్నాయి, దేవుళ్ళున్నారు. దేవుళ్ళ రంగం ఇప్పటికే సంతృప్త స్థాయికి చేరుకుంది. కానీ అపారమైన అతీత వనరులు వినియోగంలోకి రాకుండా అడవుల్లో వృథాగా పడి ఉన్నాయి. వాటిని సద్వినియోగపరిచే దిశగా మనం వేస్తున్న తొలి అడుగే ఈ దెయ్యాల వేట యాత్ర."

అందరూ చప్పట్లు కొట్టారు. సుభద్ర కూడా కొట్టి, అవి ఆగాక చెయ్యెత్తింది.

"సార్, మనం వెళ్ళే చోట దెయ్యాలున్నాయో లేదో ముందు చూసుకోవాలేమో."

"సుభద్రగారూ, సముద్ర తీర ఉత్సవం పెట్టినప్పుడు సముద్రం ఉందా అని అడిగామా?"

"సముద్రం కనిపిస్తుంది కదండీ."

"కనిపించేదాన్నే నమ్మడం మీ ఆలోచనలోని పరిమితి," అన్నారాయన జాలిగా. "ఈ పథకానికి అలాంటి పరిమితులు లేవు."

ఇక చోటు వెతకాలి. రోడ్డు ఉండకూడదు. కరెంటు ఉండకూడదు. ఫోను పలకకూడదు. అరిచినా ఎవరికీ వినపడకూడదు. ఇన్ని సుగుణాలున్న ఊరు ఎక్కడ దొరుకుతుందా అని సుభద్ర దిగులు పడింది గానీ, కలెక్టరేటుకి ఫోను చేస్తే పని ఇట్టే అయిపోయింది. ఏజెన్సీలో, వాగుకి అవతల కొండల నడుమ, వెదురులొద్ది అనే ఊరి వాళ్ళు తమకి రోడ్డు లేదనీ, కరెంటు లేదనీ, టవరు లేదనీ, నర్సు రావడం లేదనీ ఏళ్ళ తరబడి అర్జీలు పెడుతూనే ఉన్నారట. అంత గట్టిగా తమ అర్హతను నిరూపించుకున్న ఊరు జిల్లాలో ఇంకొకటి లేదని అక్కడి గుమాస్తా హామీ ఇచ్చాడు.

తరవాత అటవీ అధికారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కాగితం పైనుంచి కింది వరకూ చదివి, ఒక్క మాట దగ్గర వేలు పెట్టి ఆపాడు.

"వేట అన్నారు. అడవిలో వేట నేరం. మీ మీద కేసు పెట్టాల్సొస్తుంది."

"దెయ్యం వన్యప్రాణి కాదు కదండీ."

"అడవిలో ఉంటుందా?"

"ఉంటుందనే మా ఆశ."

"మరింకేం?"

సుభద్ర అక్కడే కూర్చుని 'వేట' కొట్టేసి 'పరామర్శ' అని రాసింది. అధికారి తృప్తి పడ్డాడు. "ఇంకో షరతు. సాయంత్రం అయిదు దాటాక అడవిలో మనుషులు ఉండటానికి వీల్లేదు."

"దెయ్యాలు రాత్రిపూటే కదండీ తిరిగేది?"

"తిరగనివ్వండి. దెయ్యాలకి మా అభ్యంతరం లేదు. మనుషులే ఉండకూడదు."

ఈ సంగతి చెబితే పథకం మూలపడుతుందని సుభద్ర లోలోపల సంతోషించింది. పురుషోత్తమరాజు గారు మాత్రం కుర్చీలోంచి సగం లేచారు. "పగటి దెయ్యాలు! ప్రపంచంలో ఎక్కడా లేవు. కుటుంబసమేతంగా రావచ్చు. భోజన విరామం కూడా పెట్టండి."

*

సర్వేకి సుభద్రే బయల్దేరింది. జీపు వాగు దాకా వెళ్ళి ఆగిపోయింది. అక్కణ్ణుంచి రాళ్ళ మీద కాలు ఆనించుకుంటూ అవతలికి దాటి, వెదురు పొదల్లోంచి కొండ ఎక్కాలి. వెంట వచ్చిన అటెండరు సగం దారిలో ఒక బండ మీద కూలబడి, తాను ఇక్కడే కాపలా ఉంటానన్నాడు. దేనికి కాపలా అని అడిగే ఓపిక సుభద్రకి లేకపోయింది.

ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆకులు కప్పిన ఇళ్ళు, తడికలు కట్టేసిన గుమ్మాలు. ఒక కోడి తప్ప పలకరించిన ప్రాణి లేదు. 'మధ్యాహ్నం వేళ ఇళ్ళలో జనం లేరు' అని సుభద్ర కాగితం మీద రాసుకుంది. జనం పోడు చేల దగ్గర ఉన్నారని తరవాత తెలిసింది. అదీ రాసుకుంది.

మొదట కనిపించినవాడు కత్తుల కన్నపరెడ్డి. ఊరి పెద్ద. భుజాన గొడ్డలి, చేతిలో జీలుగు కల్లు బుర్ర. వెనకాలే ఆయన కోడలు పండమ్మ, అప్పుడప్పుడే ఎత్తు కనిపిస్తున్న కడుపు మీద చెయ్యి ఆనించుకుని నెమ్మదిగా నడిచి వచ్చింది.

"రోడ్డు కోసం వచ్చేరా అమ్మగోరూ?" అన్నాడు కన్నపరెడ్డి.

"కాదండీ. దెయ్యాల కోసం."

ఆయన నవ్వలేదు. "అది ఏ శాఖండీ?" అన్నాడు.

సుభద్ర పథకం అంతా వివరించింది. చెబుతున్నంతసేపూ తన మాటలు తనకే వింతగా వినపడ్డాయి. కన్నపరెడ్డి మాత్రం ప్రతి అర్థంలేని మాటకీ తలూపాడు. అధికారులు చెప్పేది వినడం ఆయనకి అలవాటే.

"ఇంతకీ ఇక్కడ దెయ్యాలున్నాయా?"

"మా ముత్తవ్వ నాడు ఉండేయంటండి. ఇప్పుడెవులూ ఉండట్లేదు. ఈ దారి నడిచి ఎవులొత్తారు సెప్పండి? సచ్చినోళ్ళు కూడా కిందకి ఎలిపోయినట్టున్నారు."

పండమ్మ అరుగు మీద కూర్చుని అప్పటిదాకా ఊరికే వింటోంది. "అమ్మగోరూ, ఆ దెయ్యాల్ని సూసేవోళ్ళ కోసం రోడ్డేత్తారా?" అంది.

"వేస్తారమ్మా. వాళ్ళ బస్సులు రావాలి కదా."

"ఎప్పటికేత్తారు? సామ కోతల నాటికి అయిపోద్దా?"

"ఎందుకమ్మా అంత తొందర?"

పండమ్మ చెప్పలేదు. కన్నపరెడ్డే చెప్పాడు, గొడ్డలి పక్కన పెడుతూ. "కిందటి పాలి నొప్పులొత్తే డోలీ కట్టి దించేమండి. వాగు పొంగి ఉంది. ఇవతలే కూకున్నాం నీళ్ళు తగ్గుతాయని. బిడ్డ దక్కలేదు."

సుభద్ర కలం సంచిలో పెట్టేసింది. పండమ్మ లేచి లోపలికి వెళ్ళి, ఆవిడ తాగడానికి నీళ్ళు తెచ్చింది.

*

ఆఫీసుకి వచ్చి సుభద్ర నివేదిక రాసింది. ఆ ఊళ్ళో దెయ్యాలు లేవు, జనం ఉన్నారు, వాళ్ళకి రోడ్డూ, నర్సూ అత్యవసరం అని స్పష్టంగా రాసింది. పురుషోత్తమరాజు గారు దాన్ని చదివి, తన గదికి పిలిపించారు. నివేదికలో ఒకే ఒక్క వాక్యం కింద ఎర్రగీత ఉంది. 'మధ్యాహ్నం వేళ ఇళ్ళలో జనం లేరు.'

"అద్భుతమైన పరిశీలన," అన్నారు.

"సార్, ఆ తరవాత వాక్యం..."

"తరవాత వాక్యాలు పథక స్ఫూర్తికి విరుద్ధంగా ఉన్నాయి. మీరే ఆలోచించండి. అక్కడ దెయ్యాలు ఎందుకు లేవు? జనం ఉండబట్టి. అంటే లోపం దెయ్యాలది కాదు, జనానిది. ఆ ఊరిని నిర్జన పర్యాటక గ్రామంగా ప్రకటిస్తే అవరోధం దానంతట అదే తొలగిపోతుంది."

"ప్రకటిస్తే జనం ఎక్కడికి పోతారండీ?"

"ఎక్కడికీ పోనక్కర్లేదు. ఎవర్నీ కదిలించం. మనది మానవీయ దృక్పథం. ప్రకటన మాత్రమే చేస్తాం."

సుభద్ర ఇంకా ఏదో అనబోయింది. ఆయన రోడ్డు మంజూరు ఉత్తర్వు తీసి ఆవిడ ముందు పెట్టారు. వాగు మీద కల్వర్టుతో సహా ఉంది. ఆవిడ దాన్ని చివరిదాకా చదివింది. రోడ్డు వస్తోంది కదా, కాగితం మీద ఊరి పేరు పక్కన ఏ మాట రాస్తే ఏమైంది అనుకుంది. నిర్జన గ్రామ ప్రకటన మీద సంతకం చేసింది. ఏళ్ళ తరబడి కదలని రోడ్డు దెయ్యాల పేరు చెప్పగానే పరుగెత్తింది. ప్రొక్లెయినర్లు కొండ ఎక్కాయి, వాగులో సిమెంటు తూములు దిగాయి. వెదురులొద్ది వాళ్ళు చేల దగ్గర నిలబడి, నోళ్ళు తెరుచుకుని చూశారు.

రోడ్డు పూర్తి కాకముందే రేషన్ బియ్యం ఆగిపోయాయి. నిర్జన గ్రామానికి బియ్యం పంపడం దుర్వినియోగం కిందికి వస్తుందని సరఫరాల శాఖ తేల్చింది. ఎప్పుడైనా ఒకసారి వచ్చే నర్సు కూడా, లేని మనుషులకి టీకాలు వేసిన నేరం తన మీద పడుతుందేమోనని మానేసింది.

కన్నపరెడ్డి మరికొందరిని వెంటబెట్టుకుని, సగం వేసిన రోడ్డు మీదుగా నడిచి, బస్సెక్కి మండలి ఆఫీసుకి వచ్చాడు. సుభద్ర వాళ్ళని చూడగానే సంగతి గ్రహించి, తానే దగ్గరుండి పురుషోత్తమరాజు గారి గదిలోకి తీసుకెళ్ళింది.

"ఏ ఊరు మీది?" అన్నారాయన.

"వెదురులొద్దండి."

"వెదురులొద్దిలో ఎవరూ లేరు."

"మేమున్నామండి."

"ఆ మాట మీరు అంటున్నారు. ప్రభుత్వం అనడం లేదు."

కన్నపరెడ్డి తన చేతుల వైపు ఒకసారి చూసుకున్నాడు. "మరి మేమెవులమండి?"

పురుషోత్తమరాజు గారు ఆ ప్రశ్నని తేలిగ్గా తీసుకోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీరే చెప్పండి. అది మనుషులు లేని ఊరు. అక్కడే తిరుగుతున్నామని మీరే ఒప్పుకుంటున్నారు. మనుషులు లేని చోట తిరిగేవాళ్ళని ఏమంటారు?"

"దెయ్యాలంటారండి," అన్నాడు కన్నపరెడ్డి, ఉన్నమాట చెబుతూ.

ఆయన కుర్చీ వెనక్కి తోసి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, కన్నపరెడ్డి చెయ్యి పట్టుకుని ఊపేశారు. "చూశారా సుభద్రగారూ! కొరత తీరిపోయింది. స్థానిక దెయ్యాలు! రవాణా ఖర్చు కూడా లేదు."

"సార్, వీళ్ళు బతికున్న మనుషులు," అంది సుభద్ర.

"ఉద్యోగం ఇస్తామంటే మీరు వద్దంటారేమిటి?"

కన్నపరెడ్డి అడ్డొచ్చాడు. "ఉండండమ్మగోరూ. అయ్యా, దెయ్యాలకి బియ్యమిత్తారా?"

"బియ్యం మనుషుల పథకం. దెయ్యాలకి భోజన వసతి మా మండలి కల్పిస్తుంది."

"నర్సమ్మో?"

"నర్సేమిటయ్యా! యాత్రికులకి భయంతో గుండె ఆగితే? డాక్టరే ఉంటాడు. అంబులెన్సు ఉంటుంది."

వాళ్ళు గది మూలకి వెళ్ళి గుసగుసగా మాట్లాడుకున్నారు. ఎక్కువసేపు పట్టలేదు. కన్నపరెడ్డి తిరిగొచ్చి సుభద్రతో అన్నాడు. "మడుసులుగా ఉన్నన్నాళ్ళూ అడిగేం, నర్సమ్మ కూడా సరిగా రాలేదు. దెయ్యాలంటే డాక్టర్నిత్తారంట. మాకిదే బాగుందండి."

 ఆ గదిలో లెక్క సరిగ్గా వేసుకున్నవాడు ఆయనొక్కడే అనిపించింది సుభద్రకి. ఆ లెక్క తన వల్లే వేసుకోవాల్సి వచ్చిందని కూడా అనిపించింది.

*

నియామకాలు మొదలయ్యాయి. దెయ్యం పోస్టుకి మరణ ధ్రువీకరణ తప్పనిసరి అని సిబ్బంది విభాగం మెలిక పెట్టింది. దాన్ని తెచ్చుకోవాలంటే అభ్యర్థులకి కొంత ఇబ్బంది కాబట్టి, అందరినీ 'తాత్కాలిక దెయ్యాలు'గా తీసుకుని, మరణించిన తరవాత పర్మనెంట్ చేసేట్టు సుభద్ర ఒక దారి కనిపెట్టింది. తెల్లచీరలు, తెల్లపంచెలు వచ్చాయి. దెయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉండాలని చైర్మన్ గారికి ఎవరో చెప్పడంతో, మడమ ముందుకీ వేళ్ళు వెనక్కీ ఉండే చెప్పుల కోసం టెండర్లు పిలిచారు. అవి వేసుకుని మొదటిరోజే సగంమంది దెయ్యాలు బోర్లా పడ్డాయి. విధి నిర్వహణలో తగిలిన దెబ్బలకి దెయ్యాలకి పరిహారం ఉందా అని ఫైలు పైకి వెళ్ళింది. ఇంకా దిగలేదు.

పండమ్మకి సెలవు ఇమ్మని సుభద్ర రాసింది. నెలలు నిండుతున్నాయి, ఎండలో నిలబెట్టడం ప్రమాదం అని రాసింది. ఆ కాగితం మీద పురుషోత్తమరాజు గారు తన చక్కని దస్తూరీతో జవాబిచ్చారు: 'దెయ్యాలకు ప్రసూతి సెలవు మంజూరు చేసిన పూర్వోదాహరణ లేదు. అన్నిటికీ మించి, దెయ్యం గర్భం దాల్చడం శాస్త్రీయం కాదు. మనం మూఢనమ్మకాలను ప్రోత్సహించరాదు.'

ప్రారంభోత్సవం నాటికి సామ పంట కోతకొచ్చింది. కొత్త రోడ్డు మీద బస్సులు బారులు తీరి వచ్చాయి. చైర్మన్ గారు వాగు దగ్గర రిబ్బను కత్తిరించారు. పత్రికల వాళ్ళు, ఫొటోల వాళ్ళు, పిల్లలు, పులిహోర పొట్లాలు. మిట్టమధ్యాహ్నం ఎండలో దెయ్యాలు జీలుగు చెట్ల వెనక నిలబడి చెమటలు కక్కుతున్నాయి. యాత్రికులు ఒక్కొక్క చెట్టు దగ్గరికీ వెళ్ళి, దెయ్యాన్ని పక్కన పెట్టుకుని ఫొటో దిగుతున్నారు. కన్నపరెడ్డిని ఒక పెద్దమనిషి, "మీరు ఎప్పుడు పోయారండీ?" అని మర్యాదగా అడిగాడు. "కాగితమొచ్చి నాలుగు నెలలైందండి," అన్నాడు కన్నపరెడ్డి.

అంతా బాగానే ఉంది గానీ ఎవరికీ భయం వేయడం లేదు. చైర్మన్ గారి మొహం చిన్నబోవడం మొదలైంది. పురుషోత్తమరాజు గారు సుభద్ర వైపు కోపంగా చూశారు.

సరిగ్గా అప్పుడే ఊరి చివర చెట్టు వెనక నుంచి ఒక అరుపు వినిపించింది.

అది కొండకి తగిలి తిరిగొచ్చింది. పిల్లలు తల్లుల్ని కరుచుకున్నారు. పులిహోర పొట్లాలు జారిపడ్డాయి. మళ్ళీ అరుపు, ఈసారి ఇంకా పొడుగ్గా. చైర్మన్ గారు గుండె మీద చెయ్యేసుకుని, "ఇదీ నాణ్యత అంటే!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. పురుషోత్తమరాజు గారు వినయంగా తలవంచి, "ఆవిడ మా తాత్కాలిక సిబ్బంది సార్. పర్మనెంటుకి సిఫారసు చేస్తాను," అన్నారు.

సుభద్ర చప్పట్లు కొట్టలేదు. ఆ గొంతు ఎవరిదో పోల్చుకుని పరుగెత్తింది. పండమ్మ తెల్లచీర తడిసిపోయి, చెట్టు మొదలు రెండు చేతులా పట్టుకుని ఉంది. సుభద్రని చూసి, "అమ్మగోరూ, మళ్ళీ వాగు దాకానేనా?" అంది.

"కాదు. ఊపిరి పీల్చుకో. ఇప్పుడే వస్తాను."

డాక్టరు 'భయాఘాత చికిత్సా శిబిరం' అని రాసిన గుడారంలో కూర్చుని ఉన్నాడు. కుర్రవాడు, ఉద్యోగంలో కొత్త.

"మేడమ్, టిక్కెట్టు ఉన్న భయగ్రస్తులకి మాత్రమే వైద్యం చెయ్యాలని ఆర్డరులో ఉందండీ."

"ఆవిడా భయపడుతోంది."

"ఆవిడ దెయ్యం కదండీ. దెయ్యం భయపెట్టాలి. భయపడకూడదు." చెబుతూనే అతను లేచి నిలబడ్డాడు. కాళ్ళు ఆ వైపే లాగుతున్నాయి, కళ్ళు మాత్రం ఆర్డరు కాగితం మీదే ఉన్నాయి.

సుభద్ర భుజాన ఉన్న సంచిలోంచి టిక్కెట్ల పుస్తకం తీసింది. కత్తుల పండమ్మ, యాత్రికురాలు, వెదురులొద్ది అని రాసి, చింపి అతని చేతిలో పెట్టింది. అతను ఇంకో మాట మాట్లాడకుండా పెట్టె పట్టుకుని పరుగెత్తాడు. చూసి వచ్చి, బిడ్డ అడ్డం తిరిగిందనీ, వెంటనే కింద ఆసుపత్రికి తీసుకెళ్ళాలనీ చెప్పాడు.

అంబులెన్సు ముందు పురుషోత్తమరాజు గారు నిలబడి ఉన్నారు. "ఇది చైర్మన్ గారి కోసం కేటాయించింది. ఆయన ఇక్కడున్నంతసేపూ కదలడానికి వీల్లేదు. అయినా మన సిబ్బందికి టిక్కెట్టు ఎలా ఇస్తారు?"

"సెలవులో ఉన్నవాళ్ళకి ఇవ్వచ్చు సార్."

"ఆవిడకి సెలవు లేదు."

"నేనిప్పుడే ఇచ్చాను."

"మీకా అధికారం ఎక్కడిది?"

సుభద్ర గొంతు అంతవరకూ ఆ ఆఫీసులో ఎవరూ విననంత పెద్దదైంది. "సార్, ఇప్పుడావిడ మన టిక్కెట్టు మీద ఉన్న యాత్రికురాలు. మొదటి యాత్రలోనే యాత్రికురాలు చచ్చిపోతే రేపు పేపర్లో మొదటి పేజీ. విలేకర్లు అదిగో, ఆ పక్క చెట్టు కిందే పులిహోర తింటున్నారు. పిలవమంటారా?"

ఆయన విలేకర్ల వైపు చూశారు. తరవాత పక్కకి జరిగారు.

కన్నపరెడ్డి తెల్లపంచెతోనే కోడల్ని ఎత్తి బండిలో పడుకోబెట్టాడు. ఆయన కొడుకు వెనక ఎక్కాడు. సుభద్ర పండమ్మ తల తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాగు మీద కల్వర్టు ఎప్పుడు దాటారో పండమ్మకి తెలియలేదు. "వాగొచ్చిందా?" అని అడుగుతూనే ఉంది. "ఎప్పుడో దాటేశాం," అంది సుభద్ర. పండమ్మ నమ్మలేదు. ఆసుపత్రి గేటు కనిపించాకే ఏడ్చింది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

*

అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. పుట్టిన బిడ్డని నమోదు చెయ్యాలి. నమోదు చేసే గుమాస్తా తల్లి ఊరు దగ్గర ఆగిపోయాడు.

"వెదురులొద్ది నిర్జన గ్రామం మేడమ్. అక్కడివాళ్ళంతా దెయ్యాల కింద ఉన్నారు. దెయ్యానికి పుట్టింది కాబట్టి ఇది కూడా..."

"దెయ్యం కావాలంటే ముందు ఏం కావాలి?" అంది సుభద్ర.

"చనిపోవాలండీ."

"ఈ పిల్ల చనిపోయిందా?"

గుమాస్తా పొత్తిగుడ్డల్లో ఉన్న పిల్లని వంగి చూశాడు. పిల్ల ఆయన మొహం మీదే కెవ్వుమంది. "లేదండీ. ఇప్పుడే పుట్టింది," అని ఒప్పుకుని, రాసేశాడు.

అలా వెదురులొద్దికి ప్రభుత్వ లెక్కల్లో మళ్ళీ ఒక మనిషి దక్కింది. ఒక మనిషి ఉన్న ఊరు నిర్జనం కాదు. సుభద్ర అక్కడితో ఆగలేదు. ఒక్క మనిషి ఉన్నా రేషన్ కార్డుకి అర్హత ఉంది కాబట్టి, ఇంటి యజమానురాలిగా ఆ పిల్ల పేరు మీదే కార్డు పెట్టించింది. యజమానురాలి మీద ఆధారపడినవాళ్ళని కార్డులో చేర్చవచ్చని నిబంధన ఉంది. మొదట తల్లిని చేర్చింది. తరవాత తండ్రిని, తాతని, తాత తమ్ముళ్ళని. ఊరంతా ఏదో ఒక వరసన చుట్టాలే. పెద్దనాన్నలు, మేనత్తలు, వేలువిడిచిన మేనమామలు ఒక్కొక్కరూ బతికొస్తుంటే సరఫరాల అధికారి సంతకాలు పెట్టలేక చెయ్యి విదిలించుకున్నాడు.

"ఇంతమందినీ ఈ పిల్లే పోషిస్తుందంటారా?"

"ఇప్పటికైతే ఆ పిల్లే పోషిస్తోందండీ," అంది సుభద్ర.

జనం ఉన్న ఊళ్ళో దెయ్యాల యాత్ర నడపడం కుదరదు. పథకం ఎత్తేశారు. డాక్టరునీ, గుడారాన్నీ, వెనక్కి తిరిగిన చెప్పుల్నీ మండలి తిరిగి తీసుకెళ్ళింది. రోడ్డు చుట్టి తీసుకెళ్ళడానికి వీలు కాలేదు. అది దెయ్యాల పద్దు కింద వేసినది కాబట్టి, రోడ్డు మొదట్లో ఒక గేటు బిగించి, 'మనుషులకు ప్రవేశం లేదు' అని బోర్డు పెట్టారు. కొన్నాళ్ళకి ఆ గేటు కన్నపరెడ్డి మేకల దొడ్డికి తలుపుగా కనిపించింది. డాక్టరు మళ్ళీ రాలేదు. నర్సు మాత్రం స్కూటీ మీద వస్తోంది. బియ్యం వస్తున్నాయి. అంతే.

సుభద్రకి పురుషోత్తమరాజు గారి నుంచి మెమో అందింది. 'మండలికి చెందిన దెయ్యాలను, ముందస్తు అనుమతి లేకుండా, మూకుమ్మడిగా బతికించి, సంస్థ ఆస్తులకు నష్టం కలిగించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపగలరు.'

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడకి వచ్చిన మొదటి మెమో అది. రెండుసార్లు చదివింది. భయం వేస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది గానీ వేయలేదు. కింద ఉన్న ఖాళీలో, 'నిజమే. బతికించాను' అని రాసి, సంతకం పెట్టి పంపించింది.

నాలుగు రోజుల్లో మెమో తిరిగొచ్చింది. వెనక పురుషోత్తమరాజు గారి దస్తూరీ ఉంది: 'మొత్తం ఎందరిని బతికించారో ఖచ్చితమైన సంఖ్య తెలిపిన మీదట చర్య తీసుకోబడును.'

సుభద్ర నర్సు చేత కన్నపరెడ్డికి కబురు పెట్టింది, ఊళ్ళో అందరూ కలిపి ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి చెప్పమని. లెక్క వచ్చింది. దాన్ని మెమో మీద రాయబోతుండగా నర్సు కొండ దిగి వచ్చి ఫోను చేసింది. పైవీధి ఇంట్లో కవలలు పుట్టారనీ, ఇంకో ఇద్దరికి నెలలు నిండాయనీ, తొందరపడి రాసెయ్యొద్దని కన్నపరెడ్డి చెప్పమన్నాడనీ చెప్పింది.

సుభద్ర కలానికి మూత పెట్టి, ఆ మెమోని బల్ల సొరుగులో దాచింది.